ఎర్రచుక్క మసకబారిన ఏడాది

ఆ పాళెంలో చుక్కాని పట్టే మనిషి కళ్ళను డాక్టరు చూడడు. తన కళ్ళను తనే చూసుకోవాలి. తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు.

పుష్యం, మాఘం, ఫాల్గుణం, ఈ మూడు నెలల్లో పొద్దుగూకి చీకటి పడగానే, చుక్కాని మనిషి ఇసకలో ఒక్కడే కూర్చుని పైకి చూస్తాడు. ముందు గొల్లకావడిని పట్టుకుంటాడు. వరసగా మూడు చుక్కలు, భుజాన కావడి మోసినట్టు ఉంటాయి. ఆ కావడి సరిగ్గా తూర్పున పుట్టి సరిగ్గా పడమట మునుగుతుంది. సముద్రంలో దారి తప్పినవాడు అది మునిగే వైపు పడవ తిప్పితే ఇల్లు చేరతాడు. కావడికి ఉత్తరంగా రెండు చుక్కలుంటాయి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఎర్రది పెద్దది, తెల్లది చిన్నది. ముసలి కంటికి ముందుగా పోయేది ఎరుపేనని పాళెంలో పెద్దల మాట. ఆ రెండు చుక్కలూ ఒకే తీరుగా కనపడిన రోజు, ఎవరూ అడక్కముందే, ఆ మనిషి చుక్కాని దిగిపోవాలి.

వాకాడు దాటి తూర్పుకు పోతే వచ్చే ఆ పాళెంలో ఇప్పుడు ఈ పరీక్ష పెట్టుకునేవాడు పోలేరయ్య ఒక్కడే. మిగిలిన బోట్లన్నీ కుర్రవాళ్ళ చేతుల్లోకి పోయాయి. వాళ్ళకు దారి చూపే మిషన్లున్నాయి, తెర మీద గీత చూసుకుంటూ పోయి వస్తారు. పోలేరయ్య ముప్పై ఒక్క ఏళ్ళుగా చుక్కాని పడుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళూ ఎర్రచుక్క నిప్పుకణికలాగా కనపడింది.

ఈ ఏడాది సంక్రాంతి పండగ వెళ్ళిన వారానికి, ఒక సాయంత్రం, రెండూ ఒకటిగా కనపడ్డాయి.

అతను కళ్ళు నులుముకున్నాడు. ఉప్పునీళ్ళతో కాదు, ఇంటికి పోయి మంచినీళ్ళతో కడుక్కుని వచ్చాడు. మళ్ళీ చూశాడు. ఎర్రది ఉంది. కానీ బూడిద కప్పిన కణికలాగా ఉంది. ఆశ్వయుజంలో తెల్లవారుజామున వేటకు పోయేటప్పుడు ఇదే చుక్క నడినెత్తిన మండుతూ ఉండటం అతనికి గుర్తుంది. పిల్లలకోడిని వెతికాడు. గుంపుగా ఉండే ఆ చిన్న చుక్కలు ఆరూ విడివిడిగానే కనపడ్డాయి. అయినా ధైర్యం రాలేదు. అవన్నీ తెల్లవి. పోయేది ఎరుపు కదా.

పెళ్ళాం కామాక్షమ్మ ఇంటి ముందర దీపం కింద కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపల్లో ఇసక ఏరుతోంది.

"మే, ఇట్లా రా. ఆ కావడి పక్కన ఎర్రచుక్క ఎట్లా కనపడతాందో చెప్పు."

"నెత్తళ్ళు చూసేదానికే కళ్ళు చాలడంల్యా నాకు. చుక్కలు యాడ చూసేది? ఉంటాదిలే. దాన్నెవరు ఎత్తుకపోతారు?"

మర్నాడు చీకటి పడ్డాక వినోద్‌ను పట్టుకున్నాడు. వినోద్ కామాక్షమ్మ అన్న కొడుకు, బోటులో ఇంజను చూస్తాడు. ఇరవై ఏడేళ్ళు. తెగువ ఉంది, ఓపిక తక్కువ.

"అబ్బయ్యా, ఎర్రచుక్క ఏదో చూపించు."

వినోద్ తిన్నగా ఉత్తరం వైపు వేలు చూపించాడు. "అదో, కృష్ణపట్నం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద వెలగతా ఆరతా ఉండాది."

నిరుడు ఎట్లా ఉందో చూడనివాడు, ఈ ఏడు ఎట్లా ఉందో ఏం చెబుతాడు?

*

చెప్పి దిగిపోవలసినవాడు దిగిపోలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ ఇరవై రోజులు గడిపాడు.

ఏరు సముద్రంలో కలిసేచోటును వాళ్ళు మొగ అంటారు. పాళెం బోట్లన్నీ ఏటిలో కట్టేసి ఉంటాయి కాబట్టి పోయినా వచ్చినా మొగ దాటాలి. నీళ్ళ కింద ఇసక మేట ఒక రోజున్న చోట మరో రోజు ఉండదు. అల ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ నున్నగా లేస్తోందో మసక చీకట్లో కంటితో పట్టుకుని, ఆ సందులోంచి బోటును తోయాలి. పట్టు తప్పితే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే తర్వాతి అల బోర్లా వేస్తుంది.

పోలేరయ్య నాయన కాలంలో అట్లా ఒకసారి బోర్లా పడింది. నాయనకు అప్పటికే ఏడాది నుంచీ చూపు ఆనడం లేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పడవలో ఐదుగురున్నారు, నలుగురు ఒడ్డుకు వచ్చారు. రానివాడు రమణయ్యకు తోడబుట్టిన అన్న. ఆ తర్వాత నాయన ఇంకో పదకొండేళ్ళు బతికాడు కానీ సముద్రం వైపు మొహం పెట్టి కూర్చోలేదు.

ఆ రమణయ్యే ఇప్పుడు పోలేరయ్య బోటులో వల దగ్గర ఉంటాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. ముప్పై ఏళ్ళుగా ఒకే బోటులో పోతున్నా ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఈ ఇరవై రోజులూ మొగ దాటిన ప్రతిసారీ పోలేరయ్య ఒక్కో అలనూ రెండేసిసార్లు చూసుకునేవాడు. అల బాగానే కనపడేది. కానీ కనపడుతున్నదాన్ని నమ్మవచ్చో లేదో తెలిసేది కాదు. ఉన్న చూపు మీద నమ్మకం పోతే చూపున్నా లేకున్నా ఒకటే. ఇంటికి వచ్చి పడుకుంటే నిద్ర పట్టేది కాదు, పట్టినా మూడింటికే లేవాలి.

ఇరవై ఒకటో రోజు పొద్దున, ఒడ్డున వలలోంచి కానాగంత చేపలు దులుపుతూ ఉండగా అన్నాడు.

"రేపటినుంచి చుక్కాని వినోద్ పట్టుకుంటాడు."

"ఏం మామా, జొరమా?" అన్నాడు వినోద్.

"ఎర్రచుక్క, తెల్లచుక్క ఒకటైపోయినాయి."

వినోద్‌కు అర్థం కాలేదు. రమణయ్య చేతిలో వల ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులు."

"ఇరవై రోజులా" అన్నాడు రమణయ్య. వలను మళ్ళీ దులపడం మొదలుపెట్టాడు.

*

మర్నాడు పోలేరయ్య నిద్ర లేచేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చి ఉంది.

అతను చాలాసేపు కదలకుండా పడుకుని ఆ ఎండను చూశాడు. ఇంట్లో పడుకుని ఎండను చూడటం ఎప్పటి మాటో అతనికి జ్ఞాపకం లేదు. భుజాలు, నడుము, మోకాళ్ళు, ఒక్కో కీలూ ఇన్నాళ్ళూ వాయిదా వేసుకున్న నొప్పిని ఇప్పుడు తీరిగ్గా బయటికి తీయడం మొదలుపెట్టింది. సిగ్గుగా ఉంది. భయంగానూ ఉంది. ఆ రెంటికీ అడుగున ఇంకేదో కూడా ఉంది. దానికి పేరు పెట్టడం అతనికి ఇష్టం లేకపోయింది. అటు తిరిగి మళ్ళీ నిద్రపోయాడు.

కామాక్షమ్మ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు ఊరుకోలేదు.

"కండ్లు పోయినాయని చెప్పి వొళ్ళంతా మంచానికిచ్చేసినాడు మారాజు. తినేదానికి మటుకు కంచం బాగా కనపడతాంది."

నాలుగో రోజు వినోద్ మొగలో ఇసక మేట మీదకు ఎక్కించి ఇంజను రెక్క విరగ్గొట్టుకుని వచ్చాడు. బోటు అడ్డం తిరగలేదు, అదే పదివేలు. మొహం మటుకు పాలిపోయి ఉంది.

"నిన్న పోయిన దారే మామా. మిషనులో గీత అట్నే ఉంది."

"ఇసక నిన్నటిచోటే ఉంటాదని నీకెవరు చెప్పినారబ్బయ్యా?"

"మరి నువ్వెట్లా చెప్తావు?"

పోలేరయ్య నోరు తెరిచాడు. "కంటితో చూసి" అనబోయాడు. మూసుకున్నాడు.

*

ఎలిశబెతు టీచరమ్మ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయింది. శనివారం శనివారం చేతికర్ర పట్టుకుని పాళెం దాకా నడిచి వచ్చి కామాక్షమ్మ దగ్గర నెత్తళ్ళు తీసుకుపోతుంది. బేరం ఆడదు కానీ రాయి కనపడితే మటుకు తిరిగి ఇస్తుంది. ఆ శనివారం కామాక్షమ్మ నెత్తళ్ళతో పాటు మొగుడి సంగతి కూడా పొట్లం కట్టి ఇచ్చింది.

"మా చర్చి ఆవరణలో రేపు కాదు ఎల్లుండి కళ్ళ క్యాంపు పెడతా ఉండారు" అన్నది టీచరమ్మ. "నెల్లూరు నుంచి వస్తారు. పంపించు. రాకుంటే నేనే వచ్చి లాక్కుపోతా."

పోలేరయ్య పోయాడు. సరుగుడు కొయ్యల పందిరి కింద కుర్చీ వేసి, క్రీస్తుదాసు అనే కుర్రవాడు ఒక కన్ను మూయించి ఎదురుగా అట్ట చూపించాడు. అట్ట మీద మూడు కాళ్ళ గుర్తులు, పై వరసలో పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. కాళ్ళు ఏ వైపు తిరిగాయో చెప్పాలి. పోలేరయ్య కింది వరస దాకా తడుముకోకుండా చెప్పాడు. రెండో కంటితోనూ చెప్పాడు.

"శుక్లం ఇంకా మొదలే. ఈ వయసులో దూరపు చూపు ఇంత బాగుండేవాళ్ళు తక్కువ పెద్దాయనా."

"నీ అట్ట మీదవి నల్లవి. నాకు పోయింది ఎరుపు."

క్రీస్తుదాసు రంగు చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం తెచ్చాడు. పోలేరయ్య అంకెలన్నీ చదివాడు. చదివాక కూడా నమ్మలేదు. పుస్తకం నిన్నో మొన్నో అచ్చేసింది. చుక్క తాతల నాటిది.

టీచరమ్మ అతన్ని పక్కనే ఉన్న తన ఇంటి వసారాలోకి పిలిచి మంచినీళ్ళిచ్చింది.

"ఎరుపు పోయిందని నీకెవరు చెప్పినారు?"

పోలేరయ్య మాటకారి కాదు. అయినా ఆమె బడిలో పిల్లవాణ్ణి అడిగినట్టు ఓపికగా అడిగేసరికి కట్టుబాటు సంగతంతా చెప్పాడు. కావడి, ఉత్తరాన రెండు చుక్కలు, పెద్దది చిన్నదానితో సమానం కావడం. చెప్పడం అయ్యేసరికి టీచరమ్మ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని ఉంది.

"ఎప్పుడు చూసినావు ఇది?"

"పండగ వెళ్ళిన వారానికి."

"తెల్లదానితో సమానంగా ఉందని కొలిచినావా?"

"కొలిచేదేముంది టీచరమ్మా. పక్కపక్కనే ఉండాయి గదా."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అతని వైపు వేరేగా చూసింది.

"నీ కంటికి ఏమీ కాలేదు పోలేరయ్యా. చుక్కకే అయింది. నిజంగానే మసకబారింది. నెల రోజులుగా పేపర్లో రాస్తా ఉండారు. పెద్ద పెద్ద దుర్బిణీలు పెట్టుకుని దేశదేశాల వాళ్ళు అదే చూస్తా ఉండారు. వాళ్ళు చెప్పిన లెక్కా నువ్వు చెప్పిన లెక్కా ఒకటే. దాన్ని మనవాళ్ళు ఆరుద్ర అంటారు."

"ఆరుద్ర కార్తె ఆరుద్రా? ఎర్ర పురుగులొచ్చే కార్తె?"

"ఆ చుక్క పేరే ఆ కార్తెకు పెట్టినారు."

పోలేరయ్య గ్లాసు కింద పెట్టాడు. చుక్క మసకబారడమేమిటి? మనుషులు మారతారు, ఇసక మారుతుంది, మొగ మారుతుంది. మారనిది ఒకటి ఉండబట్టే కదా దాన్ని పెట్టుకుని మిగతావాటిని చూసుకునేది.

"చుక్కలు గూడా ముసలవతాయా?"

"పుడతాయి, పెరగతాయి, ముసలవతాయి, పోతాయి. మనం చూసేంత కాలంలో కాదు కాబట్టి మనకు తెలవదు." ఆమె వంటింటి వైపు తల తిప్పింది. "పొయ్యిలో మంట చూడు. బాగా వేడిగా ఉన్నచోట నీలంగా, తెల్లగా ఉంటాది. చల్లారేచోట ఎర్రగా ఉంటాది. చుక్కలూ అంతే. వేడిని బట్టి ఏడు రకాలుగా విడదీసినారు. నీలంవి అన్నిటికంటే వేడి, తర్వాత తెల్లవి, తర్వాత మన సూర్యుడి లాంటి పసుపువి, ఆఖరున ఎర్రవి. నీ కావడికి దక్షిణాన ఒక పెద్ద చుక్క ఉంటాది చూడు, తెల్లగా, కొంచెం నీలంగా."

"ఉంటాది. అది మారల్యా."

"అది వేడి మీద ఉంది. వెలుగుకు వేరే వరస. బాగా వెలిగేవి ఒకటో వరస, తర్వాతవి రెండు, మూడు, అట్లా ఆరు దాకా కంటికి కనపడతాయి. ఆరుద్ర ఎప్పుడూ ఒకటో వరసలో ఉండేది. ఇప్పుడు రెండో వరసలోకి దిగింది."

"ఎరుపంటే ముసలితనమేనా మరి?"

"అన్నిటికీ కాదు. చిన్న ఎర్రచుక్కలు ఉంటాయి, ఊక పొయ్యి మాదిరి. మెల్లగా రాజుకుంటా ఎంతకాలమైనా ఉంటాయి. ఆరుద్ర అట్లాంటిది కాదు. పుట్టడమే పెద్ద ఒళ్ళుతో పుట్టింది. పెద్ద ఒళ్ళు ఉన్నదానికి మంట ఎక్కువ, ఉన్నదంతా తొందరగా కాల్చేసుకుంటాది. మన సూర్యుడికి నాలుగు వందల అరవై కోట్ల ఏళ్ళు. ఇంకా నడివయసే. దీనికి కోటి ఏళ్ళు నిండినాయో లేదో, అప్పుడే ముసలిదై ఉబ్బిపోయి ఎర్రబడింది."

"మా పాళెంలో మనుషుల మాదిరే" అన్నాడు పోలేరయ్య. "నలభైకే నడుములు పోతాయి."

టీచరమ్మ నవ్వలేదు.

"ఇప్పుడు పోయేదానికేనా మసకబారింది?"

"తెలవదు. దుమ్ము అడ్డం వచ్చిందని కొందరు అంటా ఉండారు. చల్లబడిందని కొందరు. పేలిపోతాదేమోనని ఇంకొందరు. పేలితే పగలు గూడా కనపడతాదంట. తర్వాత ఉండదు. ఇంకోటి చెప్పనా? అంత దూరం నుంచి వెలుగు ఇక్కడికొచ్చేదానికి ఐదారు వందల ఏళ్ళు పడతాది. అది మసకబారి అంతకాలమైంది. ఆ కబురు మొన్న పండగకి నీకందింది."

పోలేరయ్య ఆలోచించాడు. "అయితే నేను చుక్కాని దిగాల్సిన సంగతి మా తాతల తాతలు పుట్టకముందే అయిపోయిందన్నమాట."

"దిగాల్సిన పని లేదని కదా చెప్తా ఉండా."

సంతోషం కోసం లోపల తడిమి చూసుకున్నాడు. దొరకలేదు. పొద్దున గుమ్మంలోకి వచ్చే ఎండ జ్ఞాపకం వచ్చింది. మూడింటికి లేవడం, చలిలో తడిగుడ్డ నడుముకు బిగించుకోవడం, మొగలో నలుగురి ప్రాణాలు తన అరచేతి కింద అదరడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి భుజాల మీద కూర్చున్నాయి.

"ఏం పోలేరయ్యా? కళ్ళు బాగుండాయంటే అట్లా మొహం పెట్టినావే?"

"నిద్ర అలవాటైంది టీచరమ్మా."

లేచేటప్పుడు అతను గడప వైపు చూస్తూ అన్నాడు. "ఈ మాట మా ఇంటిదానికి చెప్పబాకమ్మా."

"నేనై నేను చెప్పను. అడిగితే మటుకు అబద్ధం చెప్పను."

*

రెండు రోజులు పోలేరయ్య ఎవరికీ చెప్పలేదు. క్యాంపులో ఏమన్నారని కామాక్షమ్మ అడిగితే, "శుక్లం మొదలైందంట" అన్నాడు. అది అబద్ధం కాదు. అట్లాగని నిజమూ కాదు.

కొత్త రెక్క వేయించుకున్నాక వినోద్ చీకట్లో మొగ దాటడం మానేశాడు. తెల్లారి వెలుగు వచ్చేదాకా ఏటిలోనే ఆగి, అప్పుడు పోతున్నాడు. బోటు తిరిగి వచ్చేసరికి చేపల లారీ వెళ్ళిపోతోంది. వినోద్ పాళెంలో గట్టిగా మాట్లాడుతున్నాడు, గట్టిగా నవ్వుతున్నాడు. భయం వేసినవాళ్ళు అట్లాగే ఉంటారని పోలేరయ్యకు తెలుసు.

రెండో రోజు పొద్దుగూకి చీకటి పడ్డాక రమణయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బీడీ తీశాడు కానీ వెలిగించలేదు.

"ఆ పిల్లోడు మొగ దాటేటప్పుడు నేను కండ్లు మూసుకుంటా ఉండా పోలేరా."

పోలేరయ్య అగ్గిపెట్టె తీసి అతని పక్కన పెట్టాడు.

"మా అన్న పోయిన రోజు గూడా నేను ఆ పడవలోనే ఉన్నా గదా. అప్పుడు మూసుకోల్యా. అంతా చూసినా." రమణయ్య బీడీని వేళ్ళ మధ్య తిప్పాడు. "మీ నాయన మీద నాకు కోపం పోలా. నీ మీద లేదు. ఇరవై రోజులు దాచినావన్నప్పుడు ఒక పూట వచ్చింది. మళ్ళీ చెప్పినావు గదా అనుకున్నా. మీ నాయన చెప్పల్యా. నువ్వు చెప్పినావు. ఆ మాట చెప్పి పోదామనే వచ్చినా."

లేవబోయాడు. పోలేరయ్య అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

నాయన లేని చూపును ఉందన్నాడు. తను ఉన్న చూపును లేదంటున్నాడు. మొగలో మటుకు రెండూ ఒకటే. అప్పుడూ ఈ మనిషే పడవలో ఉన్నాడు. ఇప్పుడూ ఈ మనిషే.

"నా కండ్లు బాగుండాయి రమణయ్యా."

"ఏందీ?"

"చుక్కదే తప్పంట. నిజంగానే వెలుగు తగ్గిందంట. టీచరమ్మ చెప్పింది. పేపర్లో గూడా వచ్చిందంట. రెండు రోజుల నుంచీ తెలుసు నాకు."

రమణయ్య అతని మొహం వైపు కొంతసేపు చూశాడు. తర్వాత పైకి చూశాడు. కావడి నడినెత్తిన ఉంది. ఏ చుక్క ఏదో అతనికి తెలియదు, అయినా చూశాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళలో పోలేరయ్య ఆ నవ్వు వినలేదు. లోపలినుంచి కామాక్షమ్మ బయటికి వచ్చింది.

"చుక్కకు జబ్బు చేస్తే నువ్వు మంచమెక్కినావంటరా! చూడమ్మా నీ మొగుణ్ణి. కండ్లు బాగుండాయంట" అన్నాడు రమణయ్య.

కామాక్షమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "నాకు తెలవదా? నిన్న చారులో ఒక్క వెంట్రుకుంటే ఏరి చూపించినాడు."

రమణయ్య నవ్వు ఆగాక అడిగాడు. "మరి రెండు రోజులు ఎందుకు చెప్పల్యా?"

"అలిసిపోయినా."

ఆ మాట బయటికి వచ్చాక అది అంత పెద్దదిగా ఏమీ లేదు. రమణయ్య తల ఊపాడు. "నేనూ అలిసిపోయినా. అయినా ఆ పిల్లోడికి మొగ ఎవరు నేర్పాల?"

*

పోలేరయ్య మళ్ళీ మూడింటికి లేచాడు. వినోద్‌ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మిషను ఆపెయ్యమనలేదు. గీత చూడు, చూసి తలెత్తు, అన్నాడు. అల విరిగేచోట నీళ్ళు ఎట్లా తెల్లబడతాయో, సందులో ఎట్లా నల్లగా ఉంటాయో, మేట మీద అల పుట్టకముందే నీళ్ళు ఎట్లా ముడతపడతాయో చూపించాడు. మాటల్లో చెప్పలేనిచోట వినోద్ చెయ్యి తెచ్చి చుక్కాని మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టాడు. మూడు వారాలు అట్లా గడిచాయి. మూడో వారంలో రెండుసార్లు తన చెయ్యి తీసేశాడు. వినోద్‌కు ఆ సంగతి ఒడ్డుకు వచ్చాక తెలిసింది.

అంతలో కరోనా వచ్చి బోట్లు ఒడ్డున పడ్డాయి. అది తేలకుండానే ఏటేటా వచ్చే వేట నిషేధం వచ్చింది. ఇసక మీద బోట్లు వరసగా ఒరిగి ఉన్నాయి. రోడ్డు మీద పనివాళ్ళను తీసుకుపోయే కంపెనీ బస్సుల చప్పుడు లేదు. ఊరు మూసుకుపోయి అందరూ దిగులుగా ఉంటే, పోలేరయ్య కావలసినంత నిద్రపోయాడు.

ఏప్రిల్ సగం దాటిన ఒక సాయంత్రం, చీకటి పడగానే, అతను బోటు పక్కన కూర్చుని పడమటికి తిరిగాడు. సరుగుడు తోపు పైన కావడి దిగుతోంది. అతను వెతకవలసిన పని లేకపోయింది. ఎర్రచుక్క దానంతట అదే కంట్లో పడింది. మళ్ళీ నిప్పుకణికలాగా ఉంది. పక్కన తెల్లది చిన్నబోయింది.

పోలేరయ్య దాని వైపు చాలాసేపు చూశాడు. కోటి ఏళ్ళ ముసలిదానికి వెలుగు తిరిగొచ్చింది. కొంచెం అసూయ వేసింది.

"ఏం మామా, పరీక్షా?" వినోద్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఊఁ."

"టీచరమ్మ చెప్పిన చుక్క అదేనా? బాగైందా?"

"బాగైంది."

"అయితే ఇంకేంది, బోట్లు వదిలినాక నువ్వే పట్టుకో."

"చుక్క బాగైందిరా. నాకు నిద్ర కావాల." పోలేరయ్య కాళ్ళు చాపుకున్నాడు. "బోట్లు వదిలినాక నువ్వు చుక్కాని పట్టు. నేను ముందర కూర్చుంటా, వల దగ్గర, రమణయ్య పక్కన. కండ్లున్నప్పుడే ఇస్తా ఉండా. ఎక్కడన్నా తప్పితే అరిచేదానికి ఉంటా."

వినోద్ తన అరచేతిని ఒకసారి చూసుకున్నాడు.

"నువ్వు గూడా దాన్ని చూసి పెట్టుకో" అన్నాడు పోలేరయ్య. "రోజూ. ఒక్కడే చూసుకుంటే నా మాదిరే అయితాది. నీకెట్లా కనపడిందో నాకు చెప్పు, నాకెట్లా కనపడిందో నీకు చెప్తా. రమణయ్యకి గూడా చూపించాల."

"యాడుంది? ఆ మూడు చుక్కలకి పక్కనా?"

"ఉత్తరం పక్క. రెండుంటాయి. ఎర్రది చూడు."

పోలేరయ్య తల వెనక్కి వాల్చి బోటుకు ఆనుకున్నాడు. కొయ్య ఇంకా వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు. ఏటి మొగలో అల విరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఉత్తరం వైపు మేట కొంచెం జరిగినట్టుంది, రేపు చెప్పాలి, అనుకున్నాడు.

"చూసినా మామా" అన్నాడు వినోద్. "ఎర్రగా ఉంది. తెల్లదానికంటే చాలా పెద్దది. నీకెట్లా కనపడతాంది?"

జవాబుగా చిన్న గురక వినపడింది. వినోద్ తిరిగి చూసి, గొంతు తగ్గించి, ఎవరికీ కాకుండా మళ్ళీ ఒకసారి అన్నాడు. "ఎర్రగా ఉంది."